బార్కస్ మండీ: ఒకే పళ్లెంలో కుటుంబమంతా తినే తిండి, దాని వెనక ఉన్న చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి దక్షిణం వైపు పోతే, చాంద్రాయణగుట్ట దాటాక శ్రీశైలం రోడ్డు మీద వచ్చే బస్తీ బార్కస్. తక్కువ ఖర్చులో అరబ్బు వంటకాలు తినాలంటే నగరంలో ముందుగా వినిపించే పేరు ఇదే. సెలవు రోజు సాయంత్రం పిల్లాపాపలతో, అమ్మీ అబ్బాలతో కలిసి ఇక్కడికి వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి.

అయితే మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామంది మండీని బిర్యానీలాగే ఆర్డర్ చేస్తారు. మనిషికో ప్లేటు తెప్పిస్తారు. సగం అన్నం మిగిలిపోతుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. బార్కస్ తిండి చవకగా ఉండటానికి అసలు కారణం నాసిరకం సరుకు కాదు, పంచుకుని తినే పద్ధతి. ఆ పద్ధతి తెలిస్తే మామూలు సంపాదన ఉన్న పెద్ద కుటుంబం కూడా కడుపు నిండా తిని రావచ్చు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ బస్తీ మనుషుల మీద గౌరవం కూడా పెరుగుతుంది.

బార్కస్ అనే పేరు ఎలా వచ్చింది

‘బ్యారక్స్’ అనే ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి ‘బార్కస్’ అయింది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల నివాసాలు ఇక్కడ ఉండేవి. మాసబ్ ట్యాంక్ దగ్గరున్న ఏసీ గార్డ్స్‌కు ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ వల్ల ఆ పేరు వచ్చినట్టే, ఈ బస్తీకి కూడా సైన్యం వల్లే పేరు వచ్చింది.

ఈ సిపాయిల్లో ఎక్కువమంది దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చారు. దక్కన్‌లో వీళ్లను చౌష్‌లు అంటారు. తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు నుంచి ఆ మాట వచ్చింది. బిన్, బా, అల్ లాంటి మాటలతో మొదలయ్యే ఇంటిపేర్లు ఇప్పటికీ బార్కస్ ఇళ్ల గుమ్మాల మీద కనిపిస్తాయి. ఖజానాలకు, కోటలకు, దేవిడీలకు కాపలా కాయడంలో అరబ్బు జమాదార్లకు మంచి పేరుండేది.

ఈ రాకపోకలు ఒక్క వైపే సాగలేదు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదార్ హైదరాబాద్ కొలువులో సంపాదించిన ధనంతో, పలుకుబడితో 19వ శతాబ్దంలో హద్రమౌత్‌లో ఖుఐతీ రాజ్యానికి పునాది వేశారు. ముకల్లా రేవు పట్నం దాని రాజధాని అయింది. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. అంటే దక్కన్ జీతం అరబ్బు నేల మీద ఒక రాజ్యాన్ని నిలబెడితే, అరబ్బు నేల వంట దక్కన్‌లో ఒక బస్తీకి గుర్తింపు తెచ్చింది.

కొలువు పోయిన తర్వాత

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిపోయాక అరబ్బు దళాలు రద్దయ్యాయి. చాలామందిని నిర్బంధించారు, కొందరిని తిరిగి అరబ్బు దేశానికి పంపేశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, ఇక్కడి ఆడపిల్లలను నికా చేసుకున్నవాళ్లు ఉండిపోయారు. తరాలుగా సైన్యం తప్ప వేరే పని ఎరగని కుటుంబాలకు ఒక్కసారిగా జీతం ఆగిపోయింది. చిన్న వ్యాపారాలు, జామ తోటలు, కూలి పనులే దిక్కయ్యాయి. బార్కస్ జామకాయలకు నగరంలో ఉన్న పేరు తోటల కాలం నుంచి వచ్చిందే.

1970ల్లో గల్ఫ్ దేశాల్లో చమురు డబ్బు పెరిగాక ఈ బస్తీ మళ్లీ కోలుకుంది. సౌదీ, కువైట్, ఎమిరేట్స్‌కు పనికి వెళ్లినవాళ్లు ఇంటికి డబ్బు పంపారు. సెలవుల్లో వచ్చేటప్పుడు అక్కడి రుచులు కూడా తెచ్చారు. హద్రమౌత్ వంటే అయిన మండీ అప్పటికే గల్ఫ్ అంతటా హోటల్ తిండిగా మారిపోయింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో బార్కస్‌లో మండీ హోటళ్లు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. అక్కడి నుంచి నగరమంతా, ఆ తర్వాత తెలంగాణ, ఆంధ్ర జిల్లాల పట్టణాలకు కూడా ఈ వంట పాకింది. కత్తి, తుపాకీ పట్టి బతికిన కుటుంబాల పిల్లలు గరిటె పట్టి నిలదొక్కుకున్నారు.

మండీ అంటే ఏమిటి

‘నదా’ అంటే అరబ్బీలో మంచు తేమ. మండీ అనే పేరు దాని నుంచి వచ్చిందని చెప్తారు. మాంసం ఎండిపోకుండా తేమగా, మెత్తగా ఉడకడమే ఈ వంటలో గొప్పతనం.

అసలు పద్ధతిలో నేలలో గొయ్యి తవ్వి, లోపల మట్టి పూసి తందూర్‌లా చేస్తారు. అందులో కట్టెలు కాల్చి నిప్పులు చేస్తారు. హద్రమౌత్‌లో దీనికి తుమ్మ జాతి కట్టెలు వాడతారు. నిప్పుల మీద బియ్యం, నీళ్లు ఉన్న గిన్నె దించుతారు. దానిపైన మాంసాన్ని జాలీ మీద పెడతారు లేదా వేలాడదీస్తారు. పైన మూత పెట్టి గాలి పోకుండా మూసేస్తారు. మాంసం నెమ్మదిగా మగ్గుతుంటే దాని కొవ్వు, రసం చుక్కలు చుక్కలుగా కింద అన్నంలో పడతాయి. పొగ వాసన కూడా అన్నానికి పడుతుంది.

జీలకర్ర, మిరియాలు, పసుపు, యాలకులు లాంటి కొద్దిపాటి దినుసులే ఇందులో ఉంటాయి. ఎర్ర కారం ఉండదు, పెరుగు ఉండదు, వేయించిన ఉల్లి మసాలా ముద్ద ఉండదు.

నగరంలోని చాలా హోటళ్లలో నేల గొయ్యి ఉండదు. మాంసాన్ని ముందు దినుసులతో ఉడికించి, ఆ యఖ్నీలోనే బియ్యం వండుతారు. మాంసాన్ని విడిగా ఓవెన్‌లో కాల్చడమో, వేయించడమో చేస్తారు. చివర్లో అన్నం మధ్య చిన్న గిన్నెలో ఎర్రటి బొగ్గు పెట్టి, దానిమీద నెయ్యి చుక్క వేసి మూత పెడతారు. స్థలం, సమయం తక్కువున్న చోట ఇది మామూలు పద్ధతే. మాంసం ఉడికిన రసంలోనే అన్నం వండితే రుచి నిలుస్తుంది. ఉత్త అన్నానికి రంగు కలిపి, పైన వేయించిన కోడి ముక్క పెడితే మాత్రం అది పేరుకే మండీ. అన్నం ఒక్కటే తిని చూస్తే తేడా తెలిసిపోతుంది.

బిర్యానీతో తేడా ఎక్కడుంది

హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం పెరుగు, మసాలాల్లో నానుతుంది. దాని మీద సగం ఉడికిన బియ్యం పరిచి దమ్ చేస్తారు. మసాలా ముక్కల దగ్గర ఎక్కువ, అన్నం పైభాగంలో తక్కువ ఉంటుంది. అందుకే అందరూ మసాలా కోసం, ముక్క కోసం చూస్తారు. మండీలో మాంసం రసం అన్నమంతా సమంగా పడుతుంది. ముక్క చిన్నదైనా అన్నం చప్పగా ఉండదు. తక్కువ మాంసంతో ఎక్కువమంది తృప్తిగా తినగలగడానికి కారణం ఇదే. కారం లేకపోవడం వల్ల చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా తింటారు. కారం కావాలనుకునేవాళ్లకు టమాటా, పచ్చిమిర్చి కలిపి నూరిన పల్చటి చట్నీ పక్కన ఇస్తారు.

మెనూలో కనిపించే పేర్లు

మండీ: పైన చెప్పినట్టు మాంసం రసంతో వండిన అన్నం, మెత్తగా మగ్గిన మాంసం. మటన్, చికెన్ రెండు రకాలూ దొరుకుతాయి.

మద్‌ఫూన్: ‘పాతిపెట్టినది’ అని అర్థం. మాంసాన్ని చుట్టి, మూసిన వేడిలో మగ్గబెడతారు.

మజ్బీ: వేడి రాళ్ల మీద కాల్చిన మాంసం.

కబ్సా: టమాటా, దినుసులతో చేసిన రసంలో మాంసం, బియ్యం కలిపి వండేది. సౌదీ వెళ్లొచ్చినవాళ్లకు బాగా తెలిసిన వంట.

జుర్బియాన్: యెమెన్‌లోని ఏడెన్ వైపు చేసే బిర్యానీ. హిందుస్తాన్ వంట సముద్రం దాటి అక్కడికి వెళ్లిందనడానికి ఇదే గుర్తు.

ఫహమ్: ‘బొగ్గు’ అని అర్థం. బొగ్గుల మీద కాల్చిన కోడి.

మరగ్: ఎముకలతో ఉన్న లేత మటన్ పల్చటి సూప్. హైదరాబాద్ వలీమా దావతుల్లో మొదట వచ్చేది ఇదే. దీని మూలం కూడా అరబ్బు వంటల్లోనే ఉంది.

పొద్దున్నే హరీస్

బార్కస్‌లో అందరికన్నా తక్కువ ఖర్చులో తినగలిగేది మండీ కాదు, హరీస్. నానబెట్టిన గోధుమలను మాంసంతో కలిపి గంటల తరబడి ఉడికించి, మెత్తగా నూరి, నెయ్యి వేసి ఇస్తారు. ఉప్పుది ఒకటి, చక్కెర వేసింది ఒకటి, రెండు రకాలు ఉంటాయి. దీన్ని పొద్దున నాష్తాగా తింటారు. ఎండెక్కాక వెళితే గిన్నె ఖాళీ అయిపోయి ఉంటుంది. బరువు పనులకు వెళ్లేవాళ్లకు ఒక గిన్నె హరీస్‌తో మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

హరీస్ చాలా పాత వంట. 10వ శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలోనే దీని ప్రస్తావన ఉంది. 2023లో ఎమిరేట్స్, ఒమన్, సౌదీల హరీస్ వంట పద్ధతిని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. దక్కన్‌లో దీనికి పప్పులు, మసాలాలు, వేయించిన ఉల్లి, నిమ్మకాయ తోడయ్యాక అది హలీం అయింది. ముకల్లా సంబంధం ఉన్న అరబ్బు అమీర్ సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ దావతుల వల్ల హలీం నగరంలో ప్రాచుర్యం పొందిందని చెప్తారు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంజాన్‌లో హలీం కోసం క్యూ కట్టేవాళ్లకు దాని పెద్దన్న లాంటి హరీస్ బార్కస్‌లో మిగతా నెలల్లో కూడా దొరుకుతుంది.

ఖర్చు తగ్గాలంటే

కూర్చోగానే ఆర్డర్ చెప్పొద్దు. ఒక ప్లేటు ఎంతమందికి సరిపోతుందో ముందు అడగాలి. ‘ఇద్దరికి’, ‘నలుగురికి’ అనే లెక్కతో పళ్లాలు ఉంటాయి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి నలుగురి పళ్లెం అక్కర్లేకపోవచ్చు. చిన్న పళ్లెం తెప్పించి, చాలకపోతే అన్నం విడిగా అడగవచ్చు. అదనపు అన్నానికి డబ్బు తీసుకుంటారా లేదా అనేది ఒక్కో హోటల్‌లో ఒక్కోలా ఉంటుంది. అది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

మటన్ పళ్లెం ఖరీదు ఎక్కువ. పెద్ద కుటుంబమైతే ఒకటి మటన్, ఒకటి చికెన్ కలిపి తెప్పించుకుంటే అందరికీ రెండూ దక్కుతాయి. కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు, విడి కబాబులే చాలాసార్లు బిల్లును పెంచుతాయి. మండీతో వచ్చే చట్నీ, సూప్ చాలామందికి సరిపోతాయి.

కింద కూర్చుని తినే మజ్లిస్ ఏర్పాటు, పరదా ఉన్న ఫ్యామిలీ గదులు చాలా హోటళ్లలో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే టేబుల్ ఉన్న గది అడగాలి. సెలవు రోజు రాత్రి రద్దీ ఎక్కువ. మధ్యాహ్నం జొహర్ తర్వాత వెళితే అన్నం వేడిగా, చోటు తీరిగ్గా దొరుకుతాయి.

దస్తర్‌ఖాన్ మర్యాద

ఒకే పళ్లెంలో తినడం మన ఇళ్లల్లో కొత్త కాదు. చేతులు కడుక్కుని, బిస్మిల్లాహ్ చెప్పుకుని, ఎవరి ముందున్న వైపు నుంచి వాళ్లు తినాలి. మాంసం సాధారణంగా మధ్యలో పెడతారు. ఇంటి పెద్ద దాన్ని తుంచి అందరి వైపు వేస్తారు. పిల్లలకు మెత్తటి ముక్క ముందు పెడతారు. ముక్కల కోసం వెతుకుతూ పళ్లెమంతా కలపడం మర్యాద కాదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు చిన్న ప్లేటులో విడిగా పెట్టించుకోవడం మంచిది. ఒకే పళ్లెం ఇష్టం లేనివాళ్లకు కూడా విడి ప్లేట్లు ఇస్తారు, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

అన్నం మిగిలితే పార్సిల్ కట్టించుకోవాలి. ఇంటికి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కొద్దిగా నీళ్లు చిలకరించి మూత పెట్టి వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. వండిన అన్నాన్ని రాత్రంతా బయట వదిలేస్తే పాడవుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. పళ్లెం ఖాళీ చేసి లేచిన కుటుంబానికి బార్కస్ తిండి నిజంగానే చవక.