నక్షత్రాల భయం, కౌతాళం ఒప్పందం

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోని వెళ్లి పాఠం చెప్పే నన్ను, నిరుడు తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "మనుషులే శిబిరాలుగా చీలి ఉన్నారు కదండీ, రేపు మరో గ్రహంవాళ్లు ఎదురైతే ఎవరు ఎవరిని నమ్మాలి?" తక్కినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గత శతాబ్దపు వైజ్ఞానిక కథాసాహిత్యంలో రెండు శిబిరాలు తలపడింది ఈ ప్రశ్న మీదనే.

1945లో అమెరికన్ రచయిత మరే లైన్‌స్టర్ ‘ఫస్ట్ కాంటాక్ట్’ కథ రాశాడు. మన ఓడా పరాయి ఓడా నడి ఆకాశంలో ఎదురవుతాయి. ముందు ఎవరు వెనుదిరిగినా, రెండోవారు వెంబడించి తమ గ్రహం జాడ కనిపెడతారని భయం. చివరకు జాడ తెలిపే పటాలు తీసేసుకుని, ఓడలే మార్చుకుని బయటపడతారు. 1959లో సోవియట్ రచయిత ఇవాన్ యెఫ్రేమొవ్ ‘సర్ప హృదయం’ కథలో దీనికి జవాబు చెప్పాడు. అతని పాత్రలు ఆ పాత కథనే చర్చించి తిరస్కరిస్తాయి. నక్షత్రాలను అందుకున్న సమాజం దోపిడీని ఎన్నడో దాటి ఉంటుంది, కనుక దానికి యుద్ధంతో పనిలేదు అంటాయి.

నా మనసు యెఫ్రేమొవ్ వైపే. అయినా ఒక సందేహం మిగులుతుంది. చీలికలు పోయేదాకా శాంతి ఆగవలసిందేనా?

జవాబు వెతుక్కుంటూ నేను నక్షత్రాలు వదిలి ఆదోని పొరుగున ఉన్న కౌతాళానికి వచ్చాను. 1366లో విజయనగర, బహమనీ సైన్యాలు తలపడిన చోటు ఇదేనని 1900లో రాబర్ట్ సూయెల్ గుర్తించాడు. ఫెరిష్తా కథనం ప్రకారం, ముద్గల్లు కోటలో జరిగిన ఊచకోతకు ప్రతీకారంగా మహమ్మద్ షా ఇక్కడి పల్లెల్లో స్త్రీలనూ పిల్లలనూ సైతం చంపించాడు. అప్పుడు బుక్కరాయల రాయబారులు చెప్పిన మాట గమనించదగ్గది: రెండు రాజ్యాలూ ఎలాగూ ఇరుగుపొరుగున ఉండవలసినవే, కనుక నిరాయుధులను చంపరాదని కట్టుబడదాం. సుల్తాను ఒప్పుకున్నాడు.

ఫెరిష్తా ఇది రాసింది సుమారు 240 ఏళ్ల తర్వాత, బిజాపూరు కొలువులో. అతడిచ్చిన హతుల లెక్కలు నమ్మదగినవి కావు. అయితే ఒప్పందం మాట కొట్టిపారేయలేం. 1422లో గద్దె ఎక్కిన అహ్మద్ షా పల్లెల మీద పడి నరికించినప్పుడు, అది పాత ఒడంబడికకు విరుద్ధమని ఆ చరిత్రకారుడే ఒప్పుకున్నాడు.

ఇందులో పాఠం రెండంచులది. చీలిన రాజ్యాలు సైతం ఒప్పందానికి రాగలవు. భయమే శాశ్వత ధర్మమన్న లైన్‌స్టర్ వాదం ఇక్కడ ఓడుతుంది. కాని రాజులు చేసుకున్న ఒప్పందం రాజుల ఇష్టం ఉన్నంతవరకే. దాని వల్ల ప్రాణం దక్కే రైతుకు దాన్ని నిలబెట్టే బలం లేకపోయింది.

1953లో బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. గీత గీసినా రాష్ట్రాల మధ్య యుద్ధం రాలేదు. ఆదోని పత్తి మార్కెట్టులో తెలుగూ కన్నడమూ కలిసే బేరమాడాయి.

ఆ విద్యార్థికి ఇప్పుడు నా జవాబు ఇది. నమ్మకం ఆకాశం నుంచి ఊడిపడదు. ఒప్పందం ఎవరి ప్రాణాలను కాపాడుతుందో, వారి చేతిలోనే దాని కాపలా ఉండాలి.