కిడ్నీలో గడ్డ: గడ్డ పాతదే, కనబడటమే కొత్త

గ్యాస్ నొప్పి అనుకొని కడుపు స్కానింగ్‌కు పోతే, రిపోర్టులో ‘కిడ్నీలో చిన్న గడ్డ’ అని వస్తుంది. మన భువనగిరిలోనైనా, లండన్‌లోనైనా ఆ కాగితం చూసిన మనిషి మొదట అడిగేది ఒకటే: క్యాన్సరా? ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. ఇవ్వాళ అది చెప్తా.

స్కానింగ్ లేని రోజుల్లో కిడ్నీ గడ్డ తనంతట తానే బయటపడాలి. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ. ఈ మూడూ కనబడేసరికి చాలాసార్లు చెయ్యి దాటిపోయేది. భయం అక్కడ పుట్టింది. ఏ బాధా పెట్టని చిన్న గడ్డలు అప్పుడూ ఉన్నాయి. కాకపోతే ఎవరికీ తెలియకుండా మనిషితోపాటే పోయేవి.

1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. యంత్రం చేసింది ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. మన తాతలు ఘంటసాల పాటలు విన్న హెచ్ఎంవీ కుక్కబొమ్మ రికార్డులు కూడా ఆ కంపెనీ కుటుంబానివే! 1979లో ఆయనకూ, అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

సీటీ కొలతలో నీళ్లు సున్నా, కొవ్వు మైనస్. గడ్డలో ఆ మైనస్ కనబడితే అది చాలావరకు ఆంజియోమయోలైపోమా. రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డ. సాధారణంగా క్యాన్సర్ కాదు. కానీ 4 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తం కారే ముప్పు పెరుగుతుంది.

రెండోది ఆంకోసైటోమా. 1942లోనే జిప్పెల్ దీని గురించి రాశాడు. 1976లో క్లైన్, వాలెన్సీ 13 కేసులు చూపించాకే, ఇది వేరే రకం, హాని చెయ్యనిది అని డాక్టర్లకు గురి కుదిరింది. చిక్కేమిటంటే, స్కాన్‌లో ఇది ఇప్పటికీ క్యాన్సర్‌లాగే కనబడొచ్చు. 4 సెంటీమీటర్ల లోపు గట్టి గడ్డల్ని ఆపరేషన్‌తో తీసి పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒకటి క్యాన్సర్ కాదని తేలుతోంది.

అంటే మిగతా నాలుగూ? ఎక్కువగా క్యాన్సరే. అందుకే ‘ఏం కాదులే’ అని రిపోర్టు బీరువాలో పడెయ్యొద్దు. ‘కిడ్నీ తీసెయ్యాల్సిందే’ అని పరేషాన్ కూడా కావద్దు. యూరాలజిస్టును మూడు మాటలు అడగండి: కొవ్వు ఉందా? ముక్క తీసి పరీక్షించాలా? గడ్డ మటుకే తీస్తే సరిపోతుందా, లేక కొన్నాళ్లు చూడొచ్చా?

యంత్రం గడ్డను చూపిస్తుంది. అదేమిటో తేల్చడానికి కొంచెం టైం ఇవ్వాలి. మళ్ళీ కలుద్దాం.