ఒక్క పగటి బీదరు

తెల్లవారక ముందే భీమ్‌గల్‌లో బయలుదేరి, నిజామాబాదు, బోధన్, బాన్సువాడ, నారాయణఖేడ్‌ల మీదుగా బీదరు చేరి, రాత్రికి తిరిగి రావాలని సంకల్పం. మా వాళ్ళందరికీ కోటలోని రాజమహళ్ళే కావాలి. నేను మాత్రం ముందు ఊళ్ళోని మహమూద్ గవాన్ మదరసాకు వెళ్దామంటున్నాను.

కారణముంది. అహ్మద్ షా బహమనీ గుల్బర్గాను విడిచి, ఎర్రరాతి పీఠభూమి అంచునున్న ఈ ఊరిని రాజధానిగా చేసుకున్నాడు. ఇరాన్‌లోని గిలాన్ నుండి వచ్చిన గవాన్ ఆ రాజ్యానికి ప్రధాని అయి, 1472లో మూడంతస్తుల విద్యాలయాన్ని కట్టించాడు. దాని గోడల మీది నీలి పెంకుల తాపడం కొంత నేటికీ ఉంది. 1696 నాటి పేలుడులో ఒక మీనారు, ముందరి భాగంలో చాలా మట్టుకు నేలకూలాయి.

గవాన్ ముద్ర ఉన్న ఖాళీ కాగితం మీద, ఆయన ఒరిస్సా గజపతికి రాసినట్టు శత్రువులు ఒక దొంగ ఉత్తరం సృష్టించారు. సుల్తాను విచారణైనా జరపలేదు. 1481లో, మన కొండపల్లిలోనే, ఆ ముసలి మంత్రి తల తీయించాడు. ఆ తరువాత రాజ్యం ఎంతోకాలం నిలువలేదు. దాని ముక్కల్లో ఒకటే మన ప్రాంతాలను ఏలిన గోల్కొండ! ఇదంతా తెలియకుండా తఖ్త్ మహల్ మొండిగోడలు చూస్తే ఏముంటుంది?

రంగీన్ మహల్‌ది తరువాతి ముచ్చట. బరీద్ షాహీల కాలపు కొయ్య చెక్కడాలు, నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్పల తునకలు అందులోనివే. తాళం వేసి ఉంటే కోటలోని పురావస్తు శాఖ వారిని అడగాలి. అందుకని భోజనాలకు ముందే అక్కడికి చేరాలి. అహ్మద్ షా సమాధి ఉన్న అష్టూరును ఈసారికి వదులుకోవలసిందే.