స్విచ్‌ఫుట్: మా తీరం బాణీ

శాన్ డియాగో కౌంటీ చరిత్ర రాసేవాళ్లు నౌకాదళం గురించి, మెక్సికో సరిహద్దు గురించి, విశ్వవిద్యాలయం గురించి, దాని చుట్టూ పెరిగిన బయోటెక్ కంపెనీల గురించి విస్తారంగా రాస్తారు. పాటకు దక్కేది ఓ మూల. ఆ మూలలో కూడా 1996లో ఇక్కడ పుట్టిన స్విచ్‌ఫుట్ బృందానికి 'క్రిస్టియన్ రాక్' అన్న చీటీ అంటించి పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. చీటీ అబద్ధమేమీ కాదు. ఆ కుర్రాళ్లు క్రైస్తవ విశ్వాసులు. ఆ మాట ఏనాడూ దాచలేదు. అయితే క్రైస్తవం తమ విశ్వాసమే గానీ తమ సంగీతశైలి కాదని మొదటినుంచీ చెబుతూ వచ్చారు. వాళ్ల మాటను మనం పట్టించుకోవాలి. క్రిస్టియన్ రాక్ అనేది ఆ క్యాసెట్లూ సీడీలూ ఏ దుకాణంలో ఏ అరలో అమ్ముడయ్యాయో చెబుతుంది. ఆ పాట అలా ఎందుకు మోగిందో చెప్పదు. అది తెలియాలంటే కౌంటీ ఉత్తరపు ఒడ్డునున్న కార్ల్స్‌బాడ్, ఎన్సినీటాస్‌ల సంగతి తెలియాలి. స్విచ్‌ఫుట్ ముందుగా మా ఊరి బృందం. ఆ తర్వాతే ఏ విభాగానికైనా చెందుతుందని నా వాదన.

కథ ఆ బృందంకంటే పాతికేళ్లు ముందే మొదలైంది. 1960ల చివర మాకు ఉత్తరాన, కోస్టా మెసాలోని కాల్వరీ చాపెల్‌లో పాస్టర్ చక్ స్మిత్ జుట్టు పెంచుకున్న హిప్పీ కుర్రాళ్లను, చెప్పుల్లేకుండా వచ్చే సర్ఫర్లను గుడిలోకి రానిచ్చాడు. వాళ్లతోపాటు గిటార్లూ వచ్చాయి. లవ్ సాంగ్ వంటి బృందాలు అక్కడే తయారయ్యాయి. 1971లో మారనాథా మ్యూజిక్ సంస్థ మొదలైంది. కొరోనా డెల్ మార్ ఒడ్డున సముద్రంలోనే వందలమందికి బాప్తిస్మాలు జరిగాయి. గుళ్లో డ్రమ్స్ మోగడం పాపమా కాదా అని దేశమంతా వాదించుకుంటున్న రోజుల్లోనే ఈ తీరంలో ఆ తగువు తీరిపోయింది. ఆ చాపెల్ శాఖోపశాఖలుగా విస్తరించగా, కార్ల్స్‌బాడ్‌లోని నార్త్ కోస్ట్ కాల్వరీ చాపెల్‌కు మార్క్ ఫోర్‌మన్ పాస్టర్ అయ్యాడు. ఆయన కొడుకులే జాన్, టిమ్. సర్ఫింగ్ పోటీల్లో పాల్గొనే ఆ అన్నదమ్ములకు అదే అలల మీద స్నేహితుడైన చాడ్ బట్లర్ తోడయ్యాడు. గిటార్, బేస్, డ్రమ్స్: ముగ్గురితో బృందం సిద్ధమైంది. మొదట చిన్ అప్ అని పేరు పెట్టుకుని, తర్వాత సర్ఫింగ్ పరిభాష నుంచే ఇప్పటి పేరు తీసుకున్నారు. 1980లలో పక్కనున్న ఆరెంజ్ కౌంటీ బృందం స్ట్రైపర్ వేదిక మీదినుంచి ప్రేక్షకుల్లోకి బైబిళ్లు విసిరి తన విశ్వాసాన్ని చాటుకోవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత వచ్చిన ఈ ముగ్గురికి ఆ అవసరం పడలేదు. పాస్టర్ ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ ఉండటం వాళ్లకు వింతగా తోచే విషయం కాదు మరి.

ఊరి ప్రభావం ఎంతటిదో తేలాలంటే ఇదే కౌంటీలోని మరో బృందాన్ని పక్కన పెట్టి చూడాలి. 1992లో మొదలైన పి.ఓ.డి. వాళ్లదీ అదే విశ్వాసం. కానీ వాళ్లు సరిహద్దును ఆనుకుని ఉండే సౌత్‌టౌన్ వాడల పిల్లలు. 1999లో అట్లాంటిక్ కంపెనీ విడుదల చేసిన వాళ్ల ఆల్బమ్ పేరులోనే సౌత్‌టౌన్ ఉంది. ర్యాప్, రెగే, భారీ మెటల్ గిటార్ల కలయిక వాళ్ల పాట. 2001 మార్చిలో మా కౌంటీలోనే, శాంటీలోని శాంటానా హైస్కూల్లో కాల్పులు జరిగితే, ఆ గాయం వాళ్ల 'యూత్ ఆఫ్ ది నేషన్' పాటలోకి వచ్చింది. సౌత్‌టౌన్‌నూ ఎన్సినీటాస్‌నూ కలిపేది ఒకే ఐ-5 రహదారి. బైబిలూ ఒకటే, కాలమూ ఒకటే. దుకాణంలో పెట్టే అరా ఒకటే. అయినా ఒక పాట వినగానే ఇరుకు వీధులు గుర్తొస్తాయి, రెండో పాటలో ఆరుబయలు వినిపిస్తుంది. విశ్వాసమే శైలిని నిర్ణయించేదైతే ఇంత తేడా రాకూడదు.

ఆ ఆరుబయలు ఎలా వినిపిస్తుందో రెండు పాటల్లో పోల్చుకోవచ్చు. 'డేర్ యూ టు మూవ్' మొదట్లో గిటార్ నెమ్మదిగా నడుస్తుంది. జాన్ గొంతు పాటకూ మాటకూ నడుమ ఉంటుంది. వాద్యాలు ఒక్కొక్కటే చేరి, పల్లవి దగ్గర ఒక్కసారిగా లేచి, మళ్లీ వెనక్కి తగ్గుతాయి. దీన్ని 2000లో ఒకసారి రికార్డు చేసి, 2003లో 'ది బ్యూటిఫుల్ లెట్‌డౌన్' కోసం మళ్లీ చేశారు. అదే ఆల్బమ్‌లోని 'మెంట్ టు లివ్' మంద్రంలో మోగే బరువైన రిఫ్‌తో మొదలవుతుంది. చరణం తగ్గి, పల్లవి విరుచుకుపడుతుంది. ఈ పాటకు టి.ఎస్. ఎలియట్ కవిత 'ది హాలో మెన్' ప్రేరణ. జెరోమ్ ఫోంటమియాస్ కీబోర్డులతో, డ్రూ షర్లీ రెండో గిటార్‌తో చేరాక ముగ్గురి పాట మరింత నిండుగా మారింది గానీ, తగ్గి లేచే ఆ నడక మారలేదు. మాటల్లోనూ అంతే. బోధ తక్కువ, ప్రశ్న ఎక్కువ. 1999 ఆల్బమ్‌లోనే తత్వవేత్త కీర్కెగార్డ్ పేరిట ఒక పాట, క్రైస్తవ గురువు అగస్టీన్ ఆత్మకథను తలచుకుంటూ మరో పాట ఉన్నాయి. 2009లో మిసిసిపీ పౌరహక్కుల నాయకుడు జాన్ పెర్కిన్స్ పేరు పెట్టుకున్న పాట వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. క్రైస్తవ సంగీత మార్కెట్ లేకపోతే స్విచ్‌ఫుట్ ఉండేదా? 1997లో మొదటి ఆల్బమ్‌ను బయటికి తెచ్చింది నాష్‌విల్‌కు చెందిన నిర్మాత చార్లీ పీకాక్. తొలి మూడు ఆల్బమ్‌లను మోసింది ఆ మార్కెట్టే. 2002లో వాళ్ల పాటలు వాడుకున్న 'ఎ వాక్ టు రిమెంబర్' సినిమా, 2003లో కొలంబియా కంపెనీ కలిసొచ్చాకే 'ది బ్యూటిఫుల్ లెట్‌డౌన్' అమెరికాలో 20 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. ఇదంతా నిజమే. అయితే మార్కెట్ దారి ఇచ్చింది, బాణీ ఇవ్వలేదు. ఆ మార్కెట్ కోసమే పాట కట్టి ఉంటే కీర్కెగార్డ్ అక్కడ దూరే అవకాశమే లేదు. పెద్ద కంపెనీకి వెళ్లాక కూడా వాళ్లు దాని మనుషులైపోలేదు. 2005లో 'నథింగ్ ఈజ్ సౌండ్' సీడీకి కంపెనీ కాపీ కాకుండా తాళం వేస్తే, దాన్ని ఎలా దాటాలో టిమ్ స్వయంగా అభిమానులకు చెప్పాడు. 2007లో కొలంబియాను వదిలి, సొంత లేబుల్ పెట్టుకుని, శాన్ డియాగోలోనే సొంత స్టూడియోలో 'హలో హరికేన్' చేశారు. అదే వాళ్లకు 2011లో గ్రామీ తెచ్చింది. అవార్డు గాస్పెల్ విభాగంలో వచ్చిందని చీటీ పక్షం వాళ్లు గుర్తుచేస్తారు. విభాగం పేరు అవార్డు ఇచ్చేవాళ్లు పెట్టుకున్నది. పాటలు పుట్టింది మాత్రం ఇక్కడే.

సర్ఫింగ్ అంతా అమ్మకానికి పెట్టిన ముస్తాబు అనేవాళ్లూ ఉన్నారు. ముస్తాబు అయితే ఖర్చు పెట్టించదు, సంపాదించి పెడుతుంది. 2005లో పేరు పతాకస్థాయిలో ఉన్నప్పుడు ఎన్సినీటాస్‌లో వాళ్లు 'బ్రో-ఆమ్' మొదలుపెట్టారు. మూన్‌లైట్ బీచ్‌లో పొద్దున సర్ఫింగ్ పోటీ, తర్వాత అదే ఇసుక మీద అందరికీ ఉచితంగా కచేరీ. పోగైన విరాళాలు నిలువ నీడలేని పిల్లలకూ స్థానిక యువజన సంస్థలకూ వెళ్లేవి. పెద్ద హాళ్లు నింపగల బృందం ఏటేటా సొంత ఊరి ఒడ్డున టికెట్ లేకుండా పాడుతూ రావడానికి వ్యాపార లెక్కల్లో కారణం దొరకదు. కచేరీ ముగిశాక జాన్ గిటార్ పట్టుకుని బయటికి వచ్చి, మిగిలిన జనం మధ్య నిలబడి పాడే అలవాటు కూడా ఈ కోవలోదే. వేదికకూ జనానికీ మధ్య గోడ కట్టని పద్ధతిని కాల్వరీ చాపెల్ తరం ఇదే తీరంలో అలవాటు చేసింది.

ఒక పరిమితిని మాత్రం ఒప్పుకోవాలి. ఉత్తర తీరం కలిగినవాళ్ల ప్రాంతం. కౌంటీ మొత్తానికి అదే ప్రతినిధి అంటే సౌత్‌టౌన్‌కు అన్యాయం చేసినట్టు. ఒడ్డున పెరిగిన ప్రతి కుర్రాడూ జాన్ ఫోర్‌మన్ కాలేదు కూడా. ఊరు ప్రతిభను పుట్టించదు. పుట్టిన ప్రతిభకు యాస ఇస్తుంది. స్థానిక చరిత్ర పట్టుకోవలసింది ఆ యాసనే. అందుకే ఈ రెండు బృందాలనూ మతసంగీతం అన్న చివరి పేజీలోంచి తీసుకొచ్చి, ఒకదాన్ని తీరం అధ్యాయంలో, మరొకదాన్ని సరిహద్దు అధ్యాయంలో చేర్చాలి. మూన్‌లైట్ బీచ్ కచేరీల పోస్టర్లను, తొలినాటి రికార్డింగులను, ఆ చాపెల్ కాలం నాటి పెద్దల జ్ఞాపకాలను మా గ్రంథాలయాలు ఇప్పుడే సేకరించాలి. 1971 నాటి కుర్రాళ్లకు ఇప్పుడు 70 ఏళ్లు దాటాయి. వాళ్లు చెప్పగలిగింది వాళ్లుండగానే రాసుకోకపోతే, మా తీరంలో పుట్టిన పాటకు రేపు నాష్‌విల్ అమ్మకాల లెక్కలు తప్ప వేరే సాక్ష్యం మిగలదు.