ఇద్దరు కరాటే మాస్టర్లు, ఒక తప్పు బొమ్మ



జాక్ జాన్సన్ మీద రాసిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, కత్తులు లాగేసుకుంటే ఉత్త చేతులతో మిగిలిన పేద రైతులే కరాటేని కనిపెట్టారంట కదా? అంటే అది మనలాంటోళ్లదే కదా?" మన దగ్గర కరాటే క్లాసుల్లో చాలాచోట్ల ఈ కథ చెప్తారు. వినడానికి బాగుంటుంది. చరిత్ర మాత్రం వేరే. కరాటే పెరిగిన ఒకినావా దీవిలో దాన్ని తరతరాలుగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువమంది షురి రాజధాని చుట్టూ బతికిన పెద్దిళ్లవాళ్లు, రాజుగారి కొలువులో పని చేసినవాళ్లు. పొద్దంతా చెరకు తోటలో నడుం వంచినోడికి రాత్రిపూట గురువు దగ్గరికి పోయే తీరిక ఎక్కడిది?

మనది కానిదాన్ని మనది అని చెప్పుకోవాల్సిన అవసరం లేదు తమ్ముడూ. అసలు కథలోనే మనకు పనికొచ్చేది ఉంది. తన ఊళ్లో పై మెట్టు మీద ఉన్నవాడు పడవెక్కి అవతలి ఒడ్డున దిగేసరికి కింది మెట్టు మీదికి ఎలా జారాడు, అక్కడ శిష్యుల కోసం ఇద్దరు మాస్టర్లు ఎలా పోటీ పడ్డారు, ఆ పోటీకి అంపైర్లుగా ఎవరు కూర్చున్నారు, ఇదీ ఇవాళ్టి సంగతి.

ఒకినావా ఒకప్పుడు ర్యుక్యూ అనే సొంత రాజ్యం. సొంత రాజు, సొంత భాష, చైనాతో రాకపోకలు. 1609లో దక్షిణ జపాన్‌లోని సత్సుమా సైన్యం వచ్చి లొంగదీసుకుంది. 1879లో జపాన్ ప్రభుత్వం రాజును టోక్యోకు తరలించి, రాజ్యాన్ని రద్దు చేసి, ఒక జిల్లాగా కలిపేసుకుంది. ఆ తర్వాత బడుల్లోకి ఒక చెక్క బిళ్ల వచ్చింది. ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఆ బిళ్ల వేసేవాళ్లు. ఇంకొక పిల్లవాడు అదే "తప్పు" చేస్తూ దొరికేదాకా వాడు మోయాలి. పీష్వాల కాలంలో పూణేలో మనవాళ్ల మెడకు కట్టించిన కుండ గురించి బాబాసాహెబ్ రాసింది గుర్తుంది కదా. అక్కడ ఉమ్మి నేల మీద పడకూడదు. ఇక్కడ మాట బయట పడకూడదు.

1903లో ఒసాకాలో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. దాని పక్కనే మానవ మంటపం అని ఒకటి పెట్టి ఐను ఆదివాసుల్ని, తైవాన్ ఆదివాసుల్ని, కొరియన్లను, వాళ్లతోబాటు ఒకినావా ఆడవాళ్లను జనానికి చూపించారు. ఒకినావా పత్రిక భగ్గుమంది. దేని మీదయ్యా అంటే, మమ్మల్ని తీసుకెళ్లి ఐనుల పక్కన, తైవాన్ ఆదివాసుల పక్కన నిలబెడతారా అని! చివరికి ఒకినావా ఆడవాళ్లను అక్కణ్ణుంచి పంపించేశారు. నిచ్చెనమెట్ల అసమానత గురించి అంబేడ్కర్ చెప్పింది మన దేశం దాటి అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క సంఘటన చాలు.

ఇప్పుడు మన ఇద్దరు మాస్టర్ల దగ్గరికొద్దాం.

మొదటివాడు ఫునాకోషి గిచిన్. 1868లో షురిలో, పెద్దగా ఆస్తి లేని చిన్న హోదా కుటుంబంలో పుట్టాడు. డాక్టరు కావాలని కోరిక. టోక్యో వైద్య పాఠశాల పరీక్ష 1870లో, ఆ తర్వాత పుట్టినవాళ్లకే అంటే రికార్డులో పుట్టిన సంవత్సరం దిద్దించాడు. ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. అయినా చదువు దక్కలేదు. కొత్త ప్రభుత్వం నెత్తి మీద జుట్టుముడి తీసెయ్యమంటోంది, పాత రాజ్యాన్ని తల్చుకునే ఇంట్లోవాళ్లు ముడి కోస్తే ఒప్పుకోమంటున్నారు. తర్వాత బడిపంతులు ఉద్యోగం కోసం ముడి కోసుకుని ఇంటికొస్తే తల్లి మొహం తిప్పుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

రెండోవాడు మోటోబు చోకి. 1870లో అదే షురిలో పుట్టాడు. పుట్టుక చూస్తే రాజవంశపు శాఖ. కాని మూడో కొడుకు. చదువూ ఇంటి విద్యా పెద్దవాడికి, చిన్నవాడికి మిగిలింది వీధి. నహా పట్నంలో సుజి అనే భోగం వీధులుండేవి. రాత్రిపూట అక్కడికి పోయి, గట్టివాణ్ణి చూసి కయ్యం పెట్టుకుని, తన దెబ్బ ఎంత పనిచేస్తుందో చూసుకునేవాడని పేరు. ఎగరడం, ఎక్కడం చూసి "కోతి మోటోబు" అన్నారు. ఇద్దరూ ఇటోసు అంకో అనే పెద్దాయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1901 నుంచి ఒకినావా బడుల్లోకి కరాటేని తెచ్చినాయన ఆయన. బడికి తగ్గట్టు దాన్ని మెత్తబరిచిందీ ఆయనే. పంతులు గారు ఆ దారిన పోయాడు. మోటోబు సుజి వీధుల పేరును చచ్చేదాకా మోశాడు.

1922 మే నెలలో ఫునాకోషి టోక్యోలో విద్యాశాఖ వ్యాయామ ప్రదర్శనకు వెళ్లాడు. జూడో పెద్ద కానో జిగోరో తన కోడోకాన్‌కు పిలిచి చూపించమన్నాడు. పంతులు తిరిగి ఇంటికి పోలేదు. ఒకినావా విద్యార్థులుండే మేయ్‌సే జుకు హాస్టల్లో ఒక చిన్న గది. శిష్యులు లేరు, డబ్బు లేదు. యాభై దాటిన మనిషి, ఆ హాస్టల్ వాకిలి ఊడ్చాడు, తోటపని చేశాడు, కుర్రాళ్లు లేనప్పుడు అక్కడే కరాటే నేర్పాడు. ఇంకో ఏడాదికి 1923 సెప్టెంబరు భూకంపం. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు లేపి, జపనీస్ మాటలు కొన్ని పలికించి చూసి, పలకలేనివాళ్లను గుంపులు చంపాయి. యాస తేడా ఉన్న ఒకినావా వాళ్ల మీదా ఆ అనుమానం పడింది. కరాటే మాస్టరు అక్కడ ఎంత ఒదిగి, ఎంత శుభ్రమైన భాషలో మాట్లాడాడో చదివి నవ్వేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

1924లో కేయో యూనివర్సిటీలో మొదటి క్లబ్బు పడింది. తెల్ల బట్టలు, బెల్టులు, డాన్‌లు అన్నీ జూడో నుంచి తెచ్చుకున్నవే. మన దగ్గర బెల్టు బెల్టుకూ ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఇది తెలిస్తే బాగుండు: వేల ఏళ్ల సంప్రదాయం అని చెప్పి అమ్మే ఆ బెల్టు కరాటేలోకి వచ్చి వందేళ్లు.

మోటోబు ఆ రోజుల్లోనే బతుకుతెరువుకు ఒసాకా చేరాడు. స్పిన్నింగు మిల్లుల్లో పనికి ఒకినావా జనం వేలల్లో వచ్చిన ఊరది. కొరియన్లకు, ర్యుక్యూ వాళ్లకు చోటు లేదని బోర్డులు పెట్టే రోజులు. హైదరాబాద్‌లో అద్దెకు గది చూసుకునేటప్పుడు "మీరేవిట్లు?" అని అడిగించుకున్నవాళ్లకు ఆ బోర్డు చదవడానికి జపనీస్ రానక్కర్లేదు. రాజుగారి రక్తమైనా ఆ బోర్డు ముందు ర్యుక్యూ వాడే.

1922లో క్యోటోలో బాక్సర్లకూ జూడో వాళ్లకూ పోటీ ఆట జరుగుతోంది. చూసేవాళ్లలో ఎవరైనా రావచ్చన్నారు. యాభై రెండేళ్ల మోటోబు లేచాడు. ఎదుటివాడు పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న విదేశీ బాక్సర్. ఒక్క దెబ్బ తలకి తగిలింది, బాక్సర్ పడిపోయాడు. మూడేళ్ల తర్వాత, 1925 సెప్టెంబరులో, లక్షల కాపీలు అమ్ముడుపోయే కింగు అనే పత్రిక ఈ కథను రంగరించి వేసింది. కరాటే అనేది ఒకటుందని జపాన్‌లో సామాన్యులకు తెలిసింది అప్పుడే. పేరు మోటోబుది, దెబ్బ మోటోబుది. బొమ్మలు మాత్రం ఫునాకోషివి.

ఆ బొమ్మను నేను చాలాసార్లు చూశాను. ఆ పత్రిక గదిలో కూర్చున్నవాళ్లకు తెలిసిన ఒకినావా మొహం ఒకటే అయ్యుంటుందని నాకనిపిస్తుంది. ఎవరైతే ఏంటి, ఆ దీవివాడేగా. వాడలో ఎవరు ఏం చేసినా "ఆ పేటోళ్లు" అనే నోరే అది. కాని కోపం ఎవరి మీదికి పోయింది? మోటోబు కోపం పత్రిక మీద ఆగలేదు, ఫునాకోషి మీదికి పోయింది. ఫునాకోషి కరాటే పైపై మెరుగని, లోపల పస లేదని విమర్శించాడు.

1927 ప్రాంతంలో మోటోబు టోక్యో వచ్చి తన స్కూలు పెట్టాడు. ఇక శిష్యుల పోటీ మొదలు. ఫునాకోషి దగ్గర కటాలే కటాలు, అంటే ఒంటరిగా చేసే వరస అడుగులు. ఎదురెదురుగా కొట్టుకోవడానికి ఒప్పుకోడు. యూనివర్సిటీ కుర్రాళ్లకు అది చాల్లేదు. టోక్యో యూనివర్సిటీ క్లబ్బు రక్షణ కవచాలు తొడుక్కుని కొట్లాట పోటీలు మొదలెడితే పంతులు గారు ఆ క్లబ్బునే వదిలేశాడు. నిజంగా కొట్టడం ఎలాగో తెలుసుకోవాలనుకున్నవాళ్లు మోటోబు గుమ్మం తొక్కారు. ఒత్సుకా హిరోనోరి, కోనిషి యసుహిరో ఇద్దరి దగ్గరా నేర్చుకున్నారు. ఒత్సుకా తర్వాత తన సొంత స్కూలు వాడో-ర్యూ పెట్టుకున్నాడు. మోటోబుకి చదువు రాదన్న ప్రచారం ఎంత బలంగా నడిచిందంటే ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ చదువు రానివాడు 1926లో ఒకటి, 1932లో ఒకటి రెండు పుస్తకాలు అచ్చేశాడు. మొదటి దాంట్లో ఇద్దరు ఎదురెదురుగా చేసే అభ్యాసాలు ఫోటోలతో సహా ఉన్నాయి.

ఇక్కడ మనవాళ్లకు మోటోబు వైపు మొగ్గు వస్తుంది, నాకు తెలుసు. వీధి మనిషి, ఒదగనివాడు, పెత్తనాన్ని లెక్కచెయ్యనివాడు. కాని మర్చిపోకండి, వాకిలి ఊడ్చింది పంతులు. దొరబిడ్డగా పుట్టింది వీధి మనిషి. సుజి వీధుల్లో అతని చేతి దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ వీధుల్లో బతికిన ఆడవాళ్లు చాలామంది పేద ఇళ్ల నుంచి చిన్నప్పుడే అమ్ముడుపోయి వచ్చినవాళ్లు. కరాటే చరిత్రలో వాళ్లు మాస్టరు గారి కథకు వెనక తెర మాత్రమే.

ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని తేల్చే పని టోక్యో కాలేజీ కుర్రాళ్ల చేతిలో, వాళ్ల వెనకున్న యుద్ధవిద్యల సంఘం బుటోకుకై చేతిలో ఉండిపోయింది. గుర్తింపు కావాలంటే పేరు మార్చుకోవాలి. కరాటే అన్న మాటను అప్పటిదాకా ఎక్కువగా "చైనా చెయ్యి" అనే అర్థం వచ్చేలా రాసేవాళ్లు. అదే పలుకు ఉంచి రాత మార్చితే "ఖాళీ చెయ్యి" అవుతుంది. ఒకినావాలో హనాషిరో అనే మాస్టరు 1905లోనే అలా రాశాడు కాని టోక్యోలో దాన్ని నిలబెట్టింది ఫునాకోషి, కేయో క్లబ్బు. కటాల పేర్లూ పోయాయి. పినాన్ హేయాన్ అయింది, నైహాంచి టెక్కి అయింది. చైనా నుంచి వచ్చిన ఒక మనిషి పేరు మీదున్న కుసాంకు కాంకు అయింది. ఆఖరికి పంతులు తన ఇంటిపేరు రాసే పద్ధతి కూడా మార్చుకున్నాడు.

1936 అక్టోబరు 25న నహాలో ఒక పత్రిక సమావేశం పెట్టింది. మాస్టర్లతోబాటు సైన్యం, పోలీసు, జిల్లా అధికారులూ కూర్చున్నారు. ఖాళీ చెయ్యి అనే రాతకే ఒప్పుకుందాం అన్నారు. మియాగి చోజున్ లాంటివాళ్లకు పాత పేరు మీద మమకారం ఉన్నా మొండికెయ్యలేదు. ఆ గదిలో ఫునాకోషి లేడు. మోటోబు ఉన్నాడు! తొమ్మిది నెలలకు జపాన్ చైనా మీద పూర్తి యుద్ధానికి దిగింది. చైనా అనే మాట కరాటేలో లేకుండా ముందే సర్దుకున్నారు. అదే 1936లో మద్రాసులో కళాక్షేత్రం మొదలైంది. దేవదాసీల సదిర్ పేరు మార్చుకుని అగ్రకుల ఆడపిల్లల భరతనాట్యం అవుతున్న కాలం. మన కళావంతులు ఏమయ్యారో వేరే భాగంలో రాస్తాను.

1939లో శిష్యుల చందాలతో ఫునాకోషికి సొంత స్కూలు కట్టారు. షోటోకాన్ అంటే అదే. మన ఊళ్ల బోర్డుల మీద కనిపించే పేరు. 1945 బాంబుల్లో కాలిపోయింది. మోటోబు చివరికి ఒకినావా చేరి 1944లో పోయాడు. ఆ తర్వాతి ఏడాది అమెరికా, జపాన్ సైన్యాల మధ్య నలిగి ఆ దీవి జనంలో దాదాపు నాలుగో వంతు చచ్చిపోయారు. ఒకినావా భాష మాట్లాడినవాణ్ణి గూఢచారిగా లెక్కగట్టి శిక్షించమని జపాన్ సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. బడిలో చెక్క బిళ్ల, యుద్ధంలో తుపాకి.

ఫునాకోషి 1957 ఏప్రిల్ 26న టోక్యోలో పోయాడు. అంత్యక్రియలు ఎవరు జరిపించాలన్న దగ్గర శిష్యులు రెండుగా చీలారు. షోటోకాయ్ ఒక పక్క, జపాన్ కరాటే అసోసియేషన్ ఒక పక్క. రెండోవాళ్లు అంత్యక్రియలకే రాలేదు. కరాటేలో పోటీలు వద్దని బతికినంత కాలం చెప్పిన మనిషి పోయిన ఆ ఏడాదే మొదటి జాతీయ పోటీలు పెట్టారు.

సరిగ్గా అదే ఏప్రిల్ 26న, 1994లో, ఇంకొక మాస్టరు పోయాడు. ఎద్దులతో కొట్లాడాడని లోకమంతా చెప్పుకునే మసుతాత్సు ఒయామా. కుర్రతనంలో కొన్నాళ్లు ఫునాకోషి దగ్గర నేర్చుకున్నవాడు. 1970ల్లో జపాన్ పిల్లలంతా చదివిన కామిక్ కథలో అతను అచ్చమైన జపాన్ వీరుడు. కొరియాలో పుట్టినప్పుడు పెట్టిన పేరు చోయ్ యోంగ్-ఇ. ఆ పేరును ఎక్కడ దాచాడో, ఎవరి దగ్గర దాచలేదో వచ్చే భాగంలో.