ముందు చక్రాలు తాగిన పెట్రోలు

1946లో డాడ్జ్ కంపెనీ ‘పవర్ వ్యాగన్’ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు, ఆ బండి లీటరుకు ఎంత ఇస్తుందని అడగాల్సిన అవసరం అమెరికాలో ఎవరికీ పెద్దగా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన ముప్పావు టన్ను ట్రక్కుకే కొద్దిపాటి మార్పులు చేసి అమ్మిన బండి అది. ఇంజను శక్తి 94 హార్స్‌పవర్. గంటకు 80 కిలోమీటర్లు అందుకునేసరికి ఆయాసపడేది. దాన్ని కొన్నవాళ్లకు కావలసింది వేగం కాదు, దిగబడితే బయటికి రావడం. కరెంటు స్తంభాలు పాతేవాళ్లు, చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్లు, మంచు ప్రాంతాల రైతులు నాలుగు చక్రాలూ లాగే బండి దొరికితే చాలనుకున్నారు.

అంతకుముందు అలాంటి బండి కావాలంటే ఫోర్డ్ ట్రక్కు కొని, ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ చేత మార్పించుకోవాలి. 1935 నుంచి ఆ కంపెనీకి అదే పని. యుద్ధం ముగిశాక మినియాపొలిస్‌లోని నాప్కో కంపెనీ షెవర్లే పికప్పులకు ఇలాంటి సామగ్రే అమ్మింది. ఫోర్డ్ 1959లో గానీ తన సొంత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పును చేయలేదు.

పెట్రోలు సంగతి పట్టించుకున్న తొలివాళ్లలో ఒకడు ఆర్థర్ వార్న్. 1948లో సియాటిల్‌లో అతను పెట్టిన కంపెనీ చేసిన వస్తువు చిన్నదే: ముందు చక్రాల మధ్యలో బిగించే లాకింగ్ హబ్. సైన్యం వదిలించుకున్న జీపులు అప్పట్లో చవగ్గా దొరికేవి. వాటిని మామూలు రోడ్డు మీద నడిపితే ఒక చిక్కు. లీవరుతో ముందు చక్రాలకు ఇంజను శక్తి ఆపేసినా, ఆ చక్రాలు దొర్లుతూ తమతోపాటు లోపలి షాఫ్టులనూ, క్రౌన్ చక్రాన్నీ, ప్రొపెల్లర్ షాఫ్టునూ తిప్పుతూనే ఉండేవి. చిక్కటి గేరు ఆయిల్‌లో ఇనుప పళ్ల చక్రాన్ని ఊరికే తిప్పాలన్నా శక్తి కావాలి. ఆ శక్తి పెట్రోలు ట్యాంకులోంచే రావాలి. వార్న్ హబ్బును ఒకవైపు తిప్పితే చక్రం షాఫ్టుతో తెగతెంపులు చేసుకుని ఒంటరిగా దొర్లుతుంది, మధ్యలో ఉన్న ఇనుమంతా కదలకుండా ఉండిపోతుంది. మళ్లీ బురద ఎదురైతే బండి దిగి, రెండు చక్రాల దగ్గరా వంగి, చేత్తో తిప్పి కలపాలి. బురదలోకి దిగకముందే ఈ పని చేసుకోవాలని ప్రతి డ్రైవరుకూ తెలుసు. మోకాళ్ల లోతు దిగబడ్డాకే అది గుర్తుకొస్తుందన్నది వేరే సంగతి.

ఇలా కిందికి దిగి హబ్బులు తిప్పడం పాతికేళ్లపాటు పికప్పు నడిపేవాళ్ల అలవాటుగా ఉండిపోయింది. 1970ల మొదట్లో కొనేవాళ్లు మారారు. పొలానికి వెళ్లే బండిలోనే పిల్లల్ని ఎక్కించుకుని సెలవులకు వెళ్లే కుటుంబాలు వచ్చాయి. వాళ్లను దిగి హబ్బులు తిప్పమనడం ఎలా? అందుకని కంపెనీలు నాలుగు చక్రాలకూ ఎప్పుడూ డ్రైవ్ అందే ఏర్పాటు చేశాయి. జనరల్ మోటార్స్ 1973 మోడళ్లలో డ్రైవును ముందు, వెనక ఇరుసులకు పంచే ‘ఎన్‌పీ 203’ అనే ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టింది. పోత ఇనుముతో చేసిన బరువైన పెట్టె అది. మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి దానిలో మరో డిఫరెన్షియల్ ఉండేది. హబ్బులు పోయాయి, లీవరుతో పని తగ్గింది. ముందు ఇరుసు మాత్రం పొడి రోడ్డు మీద కూడా రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంది.

ముహూర్తం ఇంతకన్నా చెడ్డది దొరకదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. మూడు డాలర్ల చుట్టుపక్కల ఉన్న పీపా ముడిచమురు కొన్ని నెలల్లో దాదాపు 12 డాలర్లయింది. బంకుల ముందు బారులు తీరాయి. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతటా వేగ పరిమితి గంటకు 55 మైళ్లకు, అంటే 88 కిలోమీటర్లకు దిగింది. సుఖం కోసం ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కున్న డ్రైవును తీసేయించుకోవడానికి జనం గ్యారేజీలకు వెళ్లారు. ఎన్‌పీ 203 లోపలి డిఫరెన్షియల్‌ను పనిచేయకుండా చేసి, ముందు చక్రాలకు పాత పద్ధతి హబ్బులు బిగించే కిట్లు అమ్ముడుపోయాయి. కంపెనీలకు ఆ మాట అర్థం కావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1980ల మొదట్లో అల్యూమినియం పెట్టెతో, అవసరమైనప్పుడే ముందు చక్రాలను కలిపే పాత ఏర్పాటుకే తిరిగొచ్చాయి.

ఈలోగా చట్టం వచ్చింది. 1975 డిసెంబరులో వచ్చిన ఇంధన చట్టం కింద కార్లు 1985 నాటికి గ్యాలనుకు 27.5 మైళ్లు, అంటే లీటరుకు 11.7 కిలోమీటర్లు ఇవ్వాలి. పికప్పులకు విడిగా, మెత్తగా లెక్క కట్టారు. 1979 మోడళ్లలో రెండు చక్రాల డ్రైవ్ బళ్లకు 17.2 మైళ్లు, నాలుగు చక్రాల వాటికి 15.8. అంటే లీటరుకు 7.3, 6.7 కిలోమీటర్లు. ముందు ఇరుసు మోసినందుకు ఎంత నష్టపోవచ్చో ప్రభుత్వమే నిర్ణయించి రాయితీ ఇచ్చిందన్నమాట. ఆ ప్రమాణం బండి, సరుకు కలిపి 6,000 పౌండ్లు దాటని వాటికే. మరుసటి ఏడు ఆ గీతను 8,500 పౌండ్లకు జరిపారు. బరువైన బళ్లు లెక్కలోకి వచ్చాయి కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ ప్రమాణం 14 మైళ్లకు జారింది.

గీత ఎక్కడుంటే బండి దాని పక్కకు చేరుతుంది. 1975లో ఫోర్డ్ తెచ్చిన ఎఫ్-150 పుట్టుకే అందుకు సాక్ష్యం. 6,000 పౌండ్ల లోపు బళ్లకు పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టరు, సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయ్యే సమయంలో ఆ గీతను కాస్త దాటేలా తయారైన బండి అది. అమెరికాలో అత్యధికంగా అమ్ముడుపోయే పికప్పుకు పేరు తెచ్చింది ఇంజనీర్ల ప్రతిభ ఒక్కటే కాదు, ఆ తప్పించుకునే తెలివి కూడా.

తక్కువ తాగే చిన్న బళ్లు జపాన్ నుంచి వచ్చేవి. టయోటా 1979లో 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుతో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు తెచ్చింది. అయితే, యూరప్‌తో కోడిమాంసం వ్యాపారంపై వచ్చిన గొడవలో 1964లో అమెరికా వేసిన 25 శాతం సుంకం విదేశీ ట్రక్కుల మీద పడింది. సుబారు తన ‘బ్రాట్’ బండి తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి ఇది ట్రక్కు కాదు, ప్రయాణికుల కారు అని దాటేసింది.

ముందు చక్రాలు తాగే ఇంధనం చిక్కుకు మన దేశంలో జవాబు వేరుగా దొరికింది. 1947 నుంచి ముంబైలో విల్లీస్ జీపులను బిగించిన మహీంద్రా క్రమంగా డీజిల్ ఇంజన్లకు మారింది. ఏజెన్సీ రోడ్ల మీద జనాన్ని కిక్కిరిసేలా ఎక్కించుకున్న మహీంద్రా ‘కమాండర్’ జీపుల్లో చాలావాటికి ముందు చక్రాలకు డ్రైవే లేదు. కిరాయి లెక్కలు చూసుకునే యజమానికి ముందు ఇరుసు దండగ.

అమెరికాలో మాత్రం ఆ ఇరుసు పోలేదు, దాన్ని నిద్రపుచ్చే పద్ధతులే మెరుగయ్యాయి. 2004 ఎఫ్-150లో హబ్బులను విడదీసి ఉంచేది ఇంజను నుంచి వచ్చే వాక్యూమ్. డ్రైవరు స్విచ్చు తిప్పితే చాలు, కిందికి దిగనక్కర్లేదు. 2015లో ఫోర్డ్ అల్యూమినియం ఒళ్లు తొడిగి 700 పౌండ్ల వరకు, అంటే 318 కిలోల వరకు బరువు తగ్గించింది. 2.7 లీటర్ల టర్బో ఇంజనుతో రెండు చక్రాల డ్రైవ్ బండికి ప్రభుత్వ అంచనా సగటున గ్యాలనుకు 22 మైళ్లు, ఫోర్ వీల్ డ్రైవ్‌కు 20. ఆ చిన్న ఇంజను శక్తి 325 హార్స్‌పవర్, పవర్ వ్యాగన్‌కు మూడింతలకు పైనే. దాదాపు డెబ్భై ఏళ్ల ఇంజనీరింగ్ లాభంలో ఎక్కువ భాగం మైలేజీకి కాక బలానికీ బరువుకూ పోయింది.

2011 మోడళ్ల నుంచి నిబంధన కూడా అటే మొగ్గింది. చక్రాల మధ్య వైశాల్యం పెద్దదైతే లక్ష్యం సులువవుతుంది. అదే ఏడాది డిసెంబరులో మిన్నెసోటాలో చిన్న పికప్పు రేంజర్‌ను చేసే ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడింది, ఆ పేరు అమెరికా మార్కెట్లోకి తిరిగి రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక 8,500 పౌండ్లు దాటిన భారీ పికప్పుల అద్దం మీద ప్రభుత్వ మైలేజీ అంకె వేయాలన్న నియమమే లేదు. కొనబోయేవాడు ఆ బండి ఉన్నవాణ్ణి పట్టుకుని అడిగి తెలుసుకోవాల్సిందే.