తల తేరుకుంది, మరి ఒళ్లు?

2020 డిసెంబరు 8. సిడ్నీలోని డ్రమాయిన్ ఓవల్. భారత జట్టుకూ ఆస్ట్రేలియా ‘ఎ’కూ మధ్య మూడు రోజుల సన్నాహక మ్యాచ్ ఆఖరి పూటలోకి వచ్చింది. క్రీజులో విల్ పుకోవ్‌స్కీ. ఇరవై రెండేళ్ల కుర్రాడు. కొన్ని వారాల ముందే షెఫీల్డ్ షీల్డ్‌లో వరసగా రెండు డబుల్ సెంచరీలు బాదాడు. మొదటిది 255 నాటౌట్. ఆ ఇన్నింగ్స్‌లో మార్కస్ హ్యారిస్‌తో కలిసి తొలి వికెట్‌కు 486 పరుగులు. అడిలైడ్ టెస్టులో కొత్త ఓపెనర్ ఇతనేనని అందరూ అనుకుంటున్నారు.

కార్తీక్ త్యాగి బౌన్సర్ వేశాడు. పుకోవ్‌స్కీ పుల్ చేయబోయాడు. బ్యాటుకు దొరకని బంతి హెల్మెట్‌ను కొట్టింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. స్కోరుబోర్డు మీద ‘రిటైర్డ్ హర్ట్’.

తలదెబ్బలు అతనికి కొత్త కాదు. బడిలో ఫుట్‌బాల్ ఆడుతుండగా ఎవరిదో మోకాలు తలకు తగిలి నెలల తరబడి చదువుకు దూరమయ్యాడు. అందుకే ఈసారి ఎవరూ తొందరపడలేదు. అడిలైడ్ పోయింది, మెల్‌బోర్న్ పోయింది. తలనొప్పి తగ్గాలి, జ్ఞాపకశక్తి పరీక్ష నెగ్గాలి, తేలికపాటి కసరత్తు నుంచి నెట్స్ దాకా మెట్టు మెట్టుగా రావాలి. అన్నీ అయ్యాక 2021 జనవరి 7న సిడ్నీలో టెస్టు టోపీ అందుకున్నాడు.

పంత్ రెండు క్యాచ్‌లు వదిలేసిన పుణ్యమా అని 62 పరుగులు చేశాడు. అవతలి ఎండ్‌లో లబుషేన్‌తో వంద భాగస్వామ్యం. టెస్టుల్లో మొట్టమొదటి కంకషన్ (తలదెబ్బకు మెదడు అదిరే గాయం) సబ్‌స్టిట్యూట్ ఆ లబుషేనే: 2019లో లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు దిగాడు. రెండో ఇన్నింగ్స్‌లో మన సిరాజ్ పుకోవ్‌స్కీని పదికే పంపేశాడు.

ఇక ఐదో రోజు. తెలుగువాళ్లెవరూ మర్చిపోలేని రోజు. మన కాకినాడ బిడ్డ హనుమ విహారి తొడ వెనక కండరం చిరిగి, పరుగు తీయలేక, 161 బంతులు ఆడి 23తో నిలబడ్డాడు. పక్కన అశ్విన్. టెస్టు డ్రా అయింది. మన కళ్లన్నీ విహారి తొడ మీదే ఉన్నాయి, ఉండాలి కూడా. అదే రోజు, అదే మైదానంలో బంతి ఆపబోయి డైవ్ చేసిన పుకోవ్‌స్కీ కుడి భుజం దెబ్బతింది. బ్రిస్బేన్ టెస్టులో అతని చోట హ్యారిస్ దిగాడు. తర్వాత భుజానికి ఆపరేషన్.

డిసెంబరులో తల, జనవరిలో భుజం. రెంటికీ ముడిపెట్టొచ్చా? ఈ ఒక్కడి విషయంలో పెట్టలేం. డైవ్ చేస్తే ఏ భుజమైనా జారొచ్చు. పైగా కంకషన్ తర్వాతి గాయాల మీద పరిశోధనలు ఎక్కువగా కాళ్ల గురించే మాట్లాడతాయి. కానీ వందల మందిని కలిపి చూసినప్పుడు లెక్క మారిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ క్రీడాకారుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో, కంకషన్ తర్వాత మళ్లీ ఆడటం మొదలుపెట్టిన 90 రోజుల్లో కాళ్ల గాయాల అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు రెండున్నర రెట్లుంది. యూరప్ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లలోనూ కంకషన్ తర్వాతి ఏడాదిలో గాయాలు పెరిగాయని 2014లో తేలింది. దూకుడుగా ఆడేవాళ్లకే తలా, మోకాలూ రెండూ దెబ్బతింటాయేమో అన్న అనుమానం న్యాయమైనదే. అయితే అదే ఆటగాళ్ల కంకషన్‌కు ముందు ఏడాదితో పోల్చి చూసినా తేడా కనబడింది.

ఎందుకిలా? నాకు సబబుగా తోచే వివరణ ఇది. మనం పరీక్షించేది కుర్చీలో కూర్చున్న మెదడుని. ఆటలో మెదడు ఒకేసారి బంతిని చూడాలి, ఎటు కదలాలో తేల్చుకోవాలి, మడమ ఎక్కడ ఆనాలో కాలికి చెప్పాలి. కంకషన్ నుంచి ‘కోలుకున్న’ మనిషిని మామూలుగా నడవమంటే చక్కగా నడుస్తాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ నడవమంటే అడుగు నెమ్మదిస్తుంది, ఒళ్లు పక్కలకు ఊగుతుంది. ఆ కాస్త ఆలస్యం చాలు, బిగుసుకోవాల్సిన కండరం సమయానికి బిగుసుకోక బరువంతా లిగమెంటు మీద పడటానికి. వారాల విశ్రాంతిలో సడలిన కండరాల సంగతి దీనికి అదనం.

పుకోవ్‌స్కీకి 2024 మార్చిలో హోబర్ట్‌లో రైలీ మెరెడిత్ బంతి మళ్లీ హెల్మెట్‌కు తగిలింది. వైద్యులు ఇక చాలన్నారు. 2025 ఏప్రిల్‌లో, 27 ఏళ్లకే, ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. టెస్టు మళ్లీ ఆడనే లేదు.

అక్కడ కనీసం తల సంగతి రాసిపెట్టేవాళ్లున్నారు. మన ఊళ్ల కబడ్డీలో తలా తలా గుద్దుకుంటే మొహాన నీళ్లు కొట్టి, “ఏం కాలేదులేరా, కూతకెళ్లు” అంటాం. నెల తిరక్కుండా మోకాలు మెలిపడితే తప్పు కోర్టుది. ఎముకల డాక్టరు దగ్గర ఎంఆర్‌ఐ తీయిస్తాం గానీ, ఆమధ్య తలకు తగిలిందని ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచదు. ఆయనా అడగడు.